నీరింకని నేల

“నీరు పల్లమెరుగు” అన్నారు పెద్దలు. నిజమే. కాని పల్లమే లేనిచోట పాపం నీరేమి ఎరుగుతుంది? కృష్ణపట్నానికి ఐదారు కిలోమీటర్లు ఈవల మా అక్కయ్యకున్న రెండున్నర ఎకరాల కయ్యను చూసినప్పుడల్లా నాకీ సందేహం కలుగుతూ ఉంటుంది. ముత్తుకూరు దాటిన తరువాత భూమి చాప పరచినట్లుంటుంది. దూరాన రేవులోని క్రేన్లూ, విద్యుత్కేంద్రాల పొగగొట్టాలూ తప్ప తలెత్తి చూడవలసిన వస్తువేదీ కనిపించదు.

రెండేళ్ల క్రితం, డిసెంబరు నెలలో ఒకనాటి ఉదయం అక్కయ్య ఫోను చేసింది.

“తమ్ముడా, ఒక్కసారి వచ్చిపోరా. పిల్లోడు కయ్యను రొయ్యల గుంటకిచ్చేస్తానంటుండాడు. నా మాట ఇనడంలా. నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్తే ఇంటాడు.”

నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం. నేలను గురించి నాకు తెలిసినదల్లా కావ్యాలలోని వర్ణనలే. అయినా తోడబుట్టినది పిలిచినప్పుడు ‘అది నా సబ్జెక్టు కాదు’ అంటే చెల్లదు గదా! ఆదివారం బస్సెక్కాను.

మేనల్లుడు మూర్ఖుడు కాడు. వాడి లెక్క వాడికున్నది.

“నాలుగేళ్లుగా పెట్టుబడి గూడా రాలా మామా. వాన పడితే నెలల తరబడి నీళ్లు కదలవు. ఎండ కాస్తే నెర్రెలిస్తుంది, మీదంతా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. గుంటకిస్తే ఏడాదికింత అని కౌలు చేతిలో పెడతారు. అమ్మేమో నాయన చెమటోడ్చిన నేల అంటది. చెమటకు వడ్లు పండుతాయా?”

అక్కయ్య మాట్లాడలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది. ఆ మౌనానికి నేను జవాబు చెప్పవలసి ఉన్నది.

నేల చెప్పిన సంగతులు

పక్క కయ్య పెద్దాయన మమ్మల్ని గట్టెక్కించాడు. ఆయనకు అక్షరాలు రావు గాని, నేలను చదవడంలో పట్టభద్రుడు. “మాటలెందుకు సామీ, ఒక గుంత తవ్వి చూడండి” అని తానే పార అందుకొన్నాడు.

పైన జానెడు మేర నల్లమట్టి. ఆ కింద సీసం రంగు, దానిలో కొంచెం నీలిఛాయ. ఆ బూడిదరంగులో అక్కడక్కడ, పాత వరివేళ్లు దిగిన దారి వెంబడే, తుప్పురంగు గీతలు. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పున కొట్టింది. పెద్దాయన పిడికెడు మట్టి తీసి, తడిచేసి, అరచేతుల మధ్య పురికొసలాగా పేని, దాన్ని ఉంగరంలాగా చుట్టాడు. ఎక్కడా పగలలేదు.

“ఇసకైతే అసలు నిలవదు. గరపైతే సగం చుట్టేసరికి ఇరుగుద్ది. ఇది బంక” అన్నాడు.

భూసార పరీక్ష చేసే శాస్త్రజ్ఞులు పొలంలో మొట్టమొదట చేసేదీ ఈ ఉంగరం పరీక్షే అని తరువాత చదివినప్పుడు ఆయనమీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

మట్టి రేణువులలో 0.002 మిల్లీమీటరు కంటె సన్నవాటిని బంక రేణువులంటారు. ఇసుక గులకరాళ్ల కుప్పవంటిదయితే, బంక చీట్లపేక వంటిది. పలుచని రేకులు ఒకదానిమీద ఒకటి. రేగడి నేలలలో ఉండే జాతి బంకను ఒక్క గ్రాము, అంటే చిటికెడు, తీసుకొని దాని రేకులన్నీ విప్పి పరచగలిగితే ఏడెనిమిది వందల చదరపు మీటర్లు ఆక్రమిస్తుందట! ఆ రేకుల మధ్యకు నీరు దూరితే మట్టి ఉబ్బుతుంది. నీరు పోతే ముడుచుకొని నెర్రె విచ్చుతుంది. అందుకే తొలివాన నెర్రెలలోకి గుడగుడా దిగిపోతుంది. నెర్రెలు పూడుకొన్నాయంటే ఇక తలుపు బిగించినట్లే. మలివాన పైనే నిలబడవలసినదే.

పొలం లేని పాఠకులకు కూడా ఈ మట్టితో పని ఉన్నది. కొత్త ఇంటి గోడ బీటవారగానే మేస్త్రీని తిట్టడం మనకు అలవాటు. నల్లరేగడి మీద కట్టిన ఇంటి విషయంలో చాలాసార్లు తప్పు మేస్త్రీది కాదు, పునాది కింద ఏటేటా ఉబ్బి ముడుచుకొనే మట్టిది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బిన పునాది స్తంభాలను వృద్ధిచేసినది ఇటువంటి నేలల కోసమే.

ఇక ఆ రంగుల మాట. నేలలో నీరు కదలక నిలిచిపోతే గాలి దూరదు. గాలి లేనప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని ఇనుపతుప్పు నుంచే ప్రాణవాయువును లాగుకొంటవి. ఎరుపు పోయి బూడిదరంగు మిగులుతుంది. వరి మాత్రం తెలివైనది. దాని కాడలోనూ వేరులోనూ సన్నని గాలిగొట్టాలుంటవి. ఆకు పీల్చిన గాలిని వేరుదాకా దించుకొంటుంది. ఆ గాలి తగిలినచోట ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది. మేము చూసిన ఎర్రగీతలు వరి వేళ్లు ఊపిరి పీల్చిన ఆనవాళ్లన్నమాట! మిరపకూ, వేరుశనగకూ ఆ విద్య లేదు. ఈ నేలలో వాటికి ఊపిరాడదు.

దోషమా, గుణమా?

ఈ బంక ఎక్కడినుంచి వచ్చింది? పెన్నమ్మ తెచ్చింది. నది సముద్రానికి చేరువై నడక మందగించేసరికి బరువైన ఇసుకను ముందే దింపివేసి, తేలికైన ఒండ్రును చివరిదాకా మోసుకొచ్చి తీరాన పరచింది. కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరులోకి రోజుకు రెండుసార్లు పోటునీరు ఎక్కుతుంది. ఏటి ఒండ్రూ, సముద్రపు ఉప్పూ కలిసి కట్టిన నేల ఇది.

నీరు ఇంకకపోవడం దోషమేనా అంటే, అన్నిటికీ కాదు. నెల్లూరు పేరులో ‘నెల్లు’ ఉన్నదని, అంటే వరి అని, కొందరు చెబుతారు. మన పక్క మొలగొలుకుల బియ్యానికి పేరు తెచ్చినదీ నీరు పట్టి ఉంచే బంకనేలలే. దమ్ముచేసి నీరు నిలుపుకోవాలంటే ఇసుకనేల పనికిరాదు. ఇసకపల్లి ఉప్పుమళ్లలో సముద్రపు నీరు ఇంకిపోకుండా ఎండి ఉప్పయ్యేదీ అడుగున బంక ఉండబట్టే. 1990 దశకంలో రొయ్యల చెరువులు ఈ తీరాన్ని ముంచెత్తినదీ అందుకే. చెరువుకు సిమెంటు అక్కరలేదు; ప్రకృతే గచ్చు చేసి పెట్టింది.

ఆ రొయ్యల కథ మన జిల్లావారికి తెలియనిది కాదు. నాలుగు డబ్బులు కళ్లజూసినవారున్నారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు అప్పులపాలైనవారూ ఉన్నారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద తీర్పు చెబుతూ, వ్యవసాయ భూములను చెరువులుగా మార్చరాదన్నది. తరువాత 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టాల మాట ఎలా ఉన్నా, ఉప్పుకు గట్లు అడ్డం కావు. చెరువులోని ఉప్పునీటి జాలు గట్టు కిందుగా పక్క కయ్యలోకి ఊరుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వరి అందులో పదోవంతు ఉప్పును కూడా సుఖంగా భరించలేదు.

ఉప్పు కంటె టక్కరిది అందులోని సోడియం. వాననీటికి ఉప్పు కొంత కడిగివేయబడినా, సోడియం బంకరేకులను అంటిపెట్టుకొని ఉండిపోతుంది. అప్పుడు రేకులు దేనికదిగా విడిపోయి, మట్టిలోని సన్నని రంధ్రాలన్నిటినీ మూసివేస్తవి. అసలే ఇంకని నేల, ఆపైన మెత్తినట్లవుతుంది. దీనికి మందు జిప్సం. ఇరవైయేళ్లుగా నా వేళ్లకు అంటుతున్న సుద్దముక్కలో ఉండేదీ ఆ పదార్థమే! జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తరిమి దాని చోట తాను కూర్చుంటుంది.

“ఆ మందూ వేశాం మామా, బస్తాలకు బస్తాలు” అన్నాడు మేనల్లుడు నీరసంగా.

పెద్దాయన నవ్వాడు. “తరిమినావు సరే. అది పోయేదానికి దారేదిరా? ఇంట్లో దొంగను బెదిరించి తలుపు గడియపెడితే యాడికి పోతాడు?”

ఆ ఒక్క మాటతో నాకు విషయమంతా బోధపడింది.

మంచు కట్టిన నేలల్లో

ఈ బాధ మనకొక్కరికే లేదు. నా శిష్యుడొకడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. కొత్త ఇల్లు కొన్నప్పుడు ఫొటోలు పంపుతూ, నేలమాళిగలో ఒక మూల గోతిలో అమర్చిన నీటిపంపు బొమ్మ కూడా పంపాడు. ‘మాస్టారూ, ఇది ఆగితే ఇల్లు చెరువే’ అని వ్రాశాడు. నేనప్పుడు నవ్వుకొన్నానే గాని కారణం అడగలేదు. అక్కయ్య కయ్య చూసివచ్చిన తరువాత అడిగాను.

ఆ ప్రాంతాన్ని వేలయేళ్ల క్రితం కిలోమీటరుకు మించిన మందంతో మంచు కప్పి ఉండేదట. ఆ మంచు రాళ్లను పిండిచేసింది. సుమారు 14 వేల ఏళ్ల క్రితం అది కరిగి వెనుకకు పోతూ పెద్ద సరస్సును మిగిల్చింది. సరస్సు అడుగున ఆ పిండి పేరుకొని, చదునైన బంకనేల అయింది. మనకు నది చేసిన పనిని అక్కడ మంచు చేసింది. పుట్టుక వేరు గాని బుద్ధి ఒక్కటే: నీరు దిగదు, కదలదు. అదే బూడిదరంగు, అవే తుప్పుగీతలు. తెల్లవారు వచ్చేనాటికి ఒహాయో వాయవ్యభాగమంతా ‘మహా నల్లచిత్తడి’ అని పేరుపడ్డ ఊబి. బండి దిగబడితే పైకి రావడం కష్టం.

19వ శతాబ్దం ద్వితీయార్ధంలో అక్కడి రైతులు ఆ బంకమట్టినే కాల్చి గొట్టాలు చేసి, నేలలో వరుసలుగా పూడ్చి, మురుగును కాలువలలోకి దింపారు. ముల్లును ముల్లుతోనే తీశారు! నేడది ఆ దేశంలోని మంచి పంటభూములలో ఒకటి.

కథ అక్కడితో ముగిస్తే బాగుండును. కాని ఆ గొట్టాల వెంట ఎరువులలోని భాస్వరం కూడా ఈరీ సరస్సుకు చేరుతున్నది. అక్కడ విషపు పాచి పెరిగి, 2014 ఆగస్టులో టొలీడో నగరంలోనూ చుట్టుపక్కలా సుమారు నాలుగైదు లక్షల మందికి రెండు మూడు రోజులు కుళాయినీరు తాగవద్దని చెప్పవలసి వచ్చింది. నీరు పోయే దారి ఉంటే చాలదు. ఎవరి ఇంటిమీదికి పోతున్నదో కూడా చూడాలి.

మనదేశంలోనూ ఈ ప్రయత్నం జరగకపోలేదు. 1990 దశకం చివర బాపట్ల కేంద్రంగా హాలెండు దేశపు సహకారంతో కోనంకి, ఉప్పుగుండూరు గ్రామాల పొలాలలో భూగర్భ మురుగుగొట్టాలు వేసి చూశారు. ఉప్పు తగ్గి దిగుబడి పెరిగింది. కాని ఒక్క రైతు తలపెట్టగల పని కాదది.

శిలాఫలకం లేని కాలువ

నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది. సంగం ఆనకట్ట 1880 దశకంలో వచ్చింది. తరువాత సోమశిల వచ్చింది. 2022 సెప్టెంబరులో నెల్లూరు, సంగం బ్యారేజీలు రెండూ ఒకేనాడు ప్రారంభమైనవి. సంతోషించవలసినదే. కాని గమనించారా? నీరు వచ్చే దారికి ప్రారంభోత్సవాలున్నవి, శిలాఫలకాలున్నవి. నీరు పోయే దారికి పూలదండ వేసినవారెవరు? కృష్ణా గోదావరి డెల్టాలలో మురుగుకాల్వల కోసం ప్రత్యేకంగా సెస్సు వేస్తూ 1968లో చట్టం చేయవలసి వచ్చిందంటే, అప్పటికి పంట ఎంత మునిగి ఉంటుందో ఊహించుకోండి. మన జిల్లాకు వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే వస్తుంది. సరిగ్గా కయ్యలో నారు ఉన్నప్పుడే. పైనుంచి వాన, కిందనుంచి పోటు. నడుమ బంక.

ఆ సాయంత్రం పెద్దాయన మమ్మల్ని కయ్యల వెంట నడిపించుకొని పోయాడు. ఆయన చిన్ననాడు ఈత కొట్టిన మురుగుకాల్వ తుంగతో, గుర్రపుడెక్కతో పూడి, గట్టుకూ దానికీ తేడా తెలియకుండా ఉన్నది. ఒకచోట బండ్లబాట ఎత్తుచేసినప్పుడు అడుగున పెట్టిన తూము మూరెడు వెడల్పు కూడా లేదు. అదీ సగం పూడింది. ఉప్పుటేటిలో కలిసేచోట పోటునీటిని ఆపే చెక్కతలుపు ఎన్నడో ఊడిపోయింది. అంటే పోవలసిన నీరు పోవడం లేదు, రాకూడని నీరు వస్తున్నది. నేలను తిట్టి ప్రయోజనమేమి?

మేనల్లుడు చాలాసేపు ఆ తూము వద్ద గొంతుక్కూర్చున్నాడు.

వేసవిలో పదకొండుమంది రైతులు తలా కొంత వేసుకొని యంత్రంతో కాల్వ తవ్వించారు. తలుపు చేయించారు. బాటకింద పెద్ద తూము కోసం పెట్టిన అర్జీకి ఇంకా మోక్షం రాలేదు. వాడు తొలకరికి జీలుగ చల్లి కలియదున్ని, జిప్సం వేసి, మంచినీరు పెట్టి రెండుసార్లు బయటికి వదిలాడు. ఆ ఏడు కాల్వవైపు ఎకరంన్నర పండింది. మిగిలిన ఎకరం పండలేదు. చెరువుల పక్కనున్న ఆ ముక్కలో నేటికీ చౌడు తేలుతూనే ఉన్నది. పూర్తిగా గెలిచామని చెప్పలేను.

సంక్రాంతి తరువాత అక్కయ్య ఒక చిన్న మూటలో కొత్తబియ్యం పంపింది. ఫోను చేసి, “ఎట్టుండాయిరా అన్నం?” అని అడిగింది. బాగున్నవన్నాను.

“నువ్వేం చెప్పినావో వాడికి, కయ్య నిలబడింది” అన్నది.

నేను చెప్పినదేమీ లేదు. చెప్పినది నేల. మేము చేసినదల్లా ఒక గుంత తవ్వి వినడమే.