పాత మస్టాంగ్ కొంటున్నారా? ముందు ఆ 17 అక్షరాలు చూడండి

"అమ్మా, మంచి బేరం! ఎర్ర మస్టాంగ్. ఎక్కువ మైళ్లు కూడా తిరగలేదు."

అమెరికాలో కాలేజీ వయసు పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడుతుంది. వాళ్ల నాన్న ఇంజన్ గురించి అడుగుతారు. మనం ఇన్సూరెన్స్ ఎంత పెరుగుతుందో లెక్క వేస్తాం. కారు ఇంటికొచ్చాక గుడికి తీసుకెళ్లి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఇన్ని చేసే మనం అడగడం మరిచిపోయే ప్రశ్న ఒకటుంది. "ఈ కారు మీద రీకాల్ ఏదైనా మిగిలి ఉందా?"

రీకాల్ అంటే, ప్రమాదం తెచ్చే లోపం బయటపడినప్పుడు కంపెనీయే తన ఖర్చుతో దాన్ని సరిచేయడం. రీకాల్ వచ్చిందని కారు పనికిరాదనుకోనక్కర్లేదు. ఆ రిపేరు జరిగిందా లేదా అన్నదే మనం చూసుకోవాలి.

ఏ ఏడాది కారుకి ఏ లోపం?

పేరు ఒక్కటే అయినా ఒక్కో ఏడాది మస్టాంగ్‌ది ఒక్కో కథ. 2005 నుంచి 2014 వరకు వచ్చినవి టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్స్‌లో ఉన్నాయి. 2015 మోడల్‌కి తలుపు గడియల సమస్య వచ్చింది. తలుపు సరిగా పడకపోవచ్చు, నడుస్తుండగా తెరుచుకోవచ్చు. 2015–2017 కార్లలో వెనక కెమెరా బొమ్మ సరిగా రాకపోవచ్చని రీకాల్ చేశారు. 2020 ఆటోమేటిక్ మస్టాంగ్‌లు సుమారు 38,000 వెనక్కి పిలిచారు. గట్టిగా బ్రేక్ తొక్కితే పెడల్‌ని పట్టి ఉంచే భాగం విరగవచ్చన్నది కారణం.

వీటిలో అన్నిటికన్నా భయపెట్టేది మొదటిదే. ఎయిర్‌బ్యాగ్‌ని రెప్పపాటులో ఉబ్బించడానికి ఇన్‌ఫ్లేటర్ అనే చిన్న లోహపు డబ్బా ఉంటుంది. టకాటా దానిలో అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి ఎండకీ ఉక్కకీ ఆ రసాయనం చెడిపోతే, చిన్న ఢీకే డబ్బా పేలి లోహపు ముక్కలు ముఖం మీదికి, మెడ మీదికి దూసుకొస్తాయి. దెబ్బలు కూడా తగలకుండా బయటపడాల్సిన ప్రమాదం ప్రాణం తీస్తుంది. రకరకాల కంపెనీల కార్లు కలిపి అమెరికాలో ఇలా 25 మందికి పైగా చనిపోయారు. అక్కడ రీకాల్ అయిన ఎయిర్‌బ్యాగులు సుమారు 6 కోట్ల 70 లక్షలు. కారు పాతబడేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. టెక్సస్, ఫ్లోరిడా లాంటి ఉక్కపోత రాష్ట్రాల్లో ఉన్నవారు మరీ జాగ్రత్తపడాలి. ఈ లోపం టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. శబ్దం రాదు, లైటు వెలగదు.

ఉత్తరం మన ఇంటికి రాకపోవచ్చు

రీకాల్ ఉత్తరం రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రసుకి వెళ్తుంది. కారు రెండు మూడు చేతులు మారి ఉంటే అది పాత యజమానికి చేరి ఉండొచ్చు. మనం అపార్ట్‌మెంట్ మారి ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేసి ఉండొచ్చు కూడా.

"డీలరు అమ్మాడంటే అన్నీ చూసే ఉంటాడు" అనుకోకండి. రీకాల్ రిపేరు కాని కొత్త కారుని డీలరు అమ్మకూడదని అమెరికా కేంద్ర చట్టం చెబుతుంది. పెద్ద అద్దెకార్ల కంపెనీలూ అలాంటి కారు అద్దెకివ్వకూడదు. పాత కారు అమ్మకానికి మాత్రం కేంద్ర చట్టంలో ఆ అడ్డు లేదు. చూసుకోవాల్సింది మనమే.

అయిదు నిమిషాల పని

డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో, బయటి నుంచి చూస్తే 17 అక్షరాలూ అంకెలూ కలిసిన విన్ నంబరు కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ కాగితం మీద కూడా ఉంటుంది. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నానే. ఆ నంబరుని రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొట్టండి. రిపేరు కాకుండా మిగిలిన రీకాల్స్ కనిపిస్తాయి. డబ్బు కట్టక్కర్లేదు.

ఏదైనా కనిపిస్తే అమ్మేవారినే ముందు రిపేరు చేయించి కాగితం చూపించమనండి. ఇప్పటికే కొనేసి ఉంటే ఆ కంపెనీ డీలరుకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. కారు ఎక్కడ కొన్నా, ఎన్ని చేతులు మారినా రీకాల్ రిపేరుకి మీ దగ్గర డబ్బు తీసుకోరు. ఎయిర్‌బ్యాగ్ రీకాల్ అయితే, అది మార్చేదాకా కారు నడపవచ్చా అని కూడా గట్టిగా అడగండి. బ్రిటన్‌లో ఉన్నవారు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, సౌదీలో ఉన్నవారు వాణిజ్య మంత్రిత్వ శాఖ రీకాల్ వెబ్‌సైట్‌లో ఇలాగే చూసుకోవచ్చు.

ఒకసారి చూస్తే సరిపోదు. కొత్త రీకాల్స్ వస్తూనే ఉంటాయి. ఉగాదికి ఒకసారి, దీపావళికి ఒకసారి ఇంట్లో కార్లన్నిటి నంబర్లూ చూడడం అలవాటు చేసుకోండి. నిమ్మకాయలు తొక్కించడం మానక్కర్లేదు. తాళం పిల్లల చేతికిచ్చే ముందు ఆ 17 అక్షరాలు కూడా ఒకసారి చూసేయండి.