మంచుకు దూరంగా పుట్టిన మంచుపాట

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో ఏ దుకాణంలో అడుగుపెట్టినా చెవినపడే పాటల్లో ‘వింటర్ వండర్‌ల్యాండ్’ ఒకటి. మంచు పరుచుకున్న దారిలో ఇద్దరు ప్రేమికులు నడుస్తారు. మంచుబొమ్మను చేసి, పెళ్లి జరిపించే పాస్టరు అదేనని అనుకుని మురిసిపోతారు. ఇంటికి తిరిగొచ్చి చలిమంట ముందు కూర్చుని రేపటి సంగతులు చెప్పుకుంటారు. పాటలో జరిగేది ఇంతే. వింటే, చలిలో హాయిగా తిరిగొచ్చిన మనిషెవరో ఆ ఉత్సాహంలో రాసేసినట్టుంటుంది. చరిత్ర తిరగేస్తే సంగతి వేరుగా ఉంది. ఈ పాటా, బిగ్ బ్యాండ్ల కాలం నుంచి మనదాకా నిలిచిన మరో రెండు పెద్ద చలికాలపు పాటలూ మంచు చేతికందని చోటున ఉన్నవాళ్లు రాసినవి. అవి ఇన్ని కోట్లమందికి సొంతం కావడానికి ఆ ఎడమే కారణమని నా వాదన.

‘వింటర్ వండర్‌ల్యాండ్’కు మాటలు రాసింది రిచర్డ్ బి. స్మిత్. పెన్సిల్వేనియాలోని హోన్స్‌డేల్ అనే చిన్న ఊరివాడు. ఆ ఊళ్లోని సెంట్రల్ పార్కు మంచు కప్పుకుని మెరిసే దృశ్యమే పాటకు ఆధారమని చెబుతారు. అయితే 1934లో పాట పుట్టే నాటికి స్మిత్ క్షయరోగి. హోన్స్‌డేల్‌కు 30 మైళ్ల పైచిలుకు దూరంలో, స్క్రాంటన్ దగ్గరి వెస్ట్ మౌంటెన్ శానిటోరియంలో చికిత్స పొందుతున్నాడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకూ వైద్యమంటే విశ్రాంతి, పుష్టికరమైన తిండి, చల్లని గాలి. అందుకే శానిటోరియాలు కొండల మీద కట్టేవారు. గడ్డకట్టే చలిలో కూడా రోగులను మెడదాకా దుప్పట్లు కప్పి, తెరిచి ఉన్న వరండాల్లో గంటల తరబడి పడుకోబెట్టేవారు. ఎవరు లేవాలో, ఎన్ని అడుగులు వేయాలో డాక్టరు లెక్కగా చెప్పేవాడు. అలాంటి వైద్యం కింద ఉన్న మనిషి రాసిన పాటలో ప్రేమికులు ఎవరినీ అడక్కుండా ఎంత దూరమైనా నడిచిపోతారు. పాట పొడుగునా నడకే. ఆ నడక విలువ తెలిసి రాసిన పాట ఇది.

బాణీ కట్టిన ఫీలిక్స్ బెర్నార్డ్ బ్రూక్లిన్‌లో పుట్టినవాడు. 1919 నాటి ‘డార్డనెల్లా’తోనే పేరు తెచ్చుకున్నాడు. ఆ కాలపు చాలా పాటల్లాగే దీనికీ 32 బార్ల చట్రమే. పల్లవిలాంటి భాగం రెండుసార్లు వస్తుంది, నడుమ వేరే వరస, చివర మళ్లీ పల్లవి. ఆ నడిమి భాగం వినతగ్గది. మన సంగీతభాషలో చెప్పాలంటే షడ్జమం ఉన్నట్టుండి అంతర గాంధారం మీదికి జరుగుతుంది, అక్కణ్ణుంచి పంచమానికి వెళ్తుంది, తర్వాత సొంత షడ్జమానికి దిగివస్తుంది. మంచుబొమ్మ వచ్చేదీ, ఊహలో పెళ్లిమాట నడిచేదీ సరిగ్గా అక్కడే. మాట ఊహలోకి పోయినప్పుడు బాణీ కూడా తన చోటు విడిచి వెళ్తుంది. పాట ఇన్నేళ్లు నిలిచిన గుట్టులో సగం ఆ నాలుగైదు క్షణాల్లో ఉందనిపిస్తుంది.

రిచర్డ్ హింబర్ తన హోటల్ ఆర్కెస్ట్రాతో 1934లో బ్లూబర్డ్ లేబుల్ మీద దీన్ని మొదట రికార్డు చేశాడు. అదే ఏడాది గై లాంబార్డో, అతని రాయల్ కెనడియన్స్ బృందం దేశమంతా మోగించారు. లాంబార్డో సోదరులు కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చి న్యూయార్క్‌లోని రూజ్‌వెల్ట్ హోటల్లో స్థిరపడ్డ వాద్యకారులు. అప్పట్లో హోటల్ డాన్స్ హాలు నుంచి రేడియో నేరుగా ప్రసారం చేసేది. అది అందుకున్న పాట రాత్రికి రాత్రి ఊళ్లకు ఊళ్లు చేరేది. డాన్స్ బృందాలకు ఇంకో అలవాటు ఉండేది. అచ్చయిన పాటకు ముందు ఒక ప్రస్తావన ఉంటుంది. పాడేవాడు ఎవరో, ఎక్కడున్నాడో, ఈ మాట ఎందుకు ఎత్తుకున్నాడో చెప్పే నాలుగైదు పాదాలవి. అడుగులు కలపడానికి అవి పనికిరావు గనుక బృందాలు వాటిని వదిలేసి నేరుగా పల్లవిలో దిగేవి. ‘వింటర్ వండర్‌ల్యాండ్’ ప్రస్తావన అలాగే మరుగునపడింది.

ప్రస్తావన పోతే ఏమవుతుందో ‘వైట్ క్రిస్మస్’లో తేటగా కనిపిస్తుంది. అర్వింగ్ బెర్లిన్ రాసిన మొదటి రూపంలో పాడే మనిషి ఉండేది కాలిఫోర్నియాలో. బెవర్లీ హిల్స్, పచ్చగడ్డి, నారింజచెట్లు, తాటిజాతి చెట్లు, డిసెంబరు 24న వెచ్చని ఎండ. వీటి మధ్య నిలబడి ఉత్తరాది మంచును తలుచుకుంటాడు. బింగ్ క్రాస్బీ 1942 మే 29న రికార్డు చేసినప్పుడు ఆ ముందుమాట లేదు. దాంతో కాలిఫోర్నియా మాయమైంది, మంచును తలుచుకునే తపన మిగిలింది. పాడేవాడు ఎక్కడున్నాడో పాట చెప్పదు కాబట్టి వినేవాడు ఎక్కడుంటే అక్కడికే అది వచ్చి నిలబడింది. ఆ చలికాలానికి అమెరికా కుర్రాళ్లు గ్వాడల్‌కెనాల్ అడవుల్లోనూ ఉత్తర ఆఫ్రికాలోనూ యుద్ధంలో ఉన్నారు. సైనికుల రేడియోకు ఈ పాట వేయమంటూ విన్నపాలు వెల్లువెత్తాయి. కనుచూపుమేరలో మంచు లేనివాళ్లే దాన్ని పట్టుబట్టి అడిగారు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఇదంతా వ్యాపారపు క్యాలెండరు మహిమ అంటారు. డిసెంబరులో అమ్మాల్సిన పాటను వేసవిలోనే సిద్ధం చేయాలి. ఎండలో మంచుపాట రాయడంలో తపనేముంది, గడువుంది గానీ? దీనికి గట్టి సాక్ష్యం ‘లెట్ ఇట్ స్నో’. 1945 జులైలో హాలీవుడ్ ఎండకు మాడిపోతుంటే, బీచికి పోయి చల్లబడదామని మాటలు రాసే శామీ కాన్ అన్నాడట. ఇక్కడే కూర్చుని చలికాలపు పాట రాద్దామన్నాడు బాణీలు కట్టే జూల్ స్టైన్. వాన్ మన్రో బృందం పాడిన ఆ పాట 1946 జనవరికల్లా మొదటి స్థానానికి చేరింది. గడువు సంగతి నిజమే. కానీ గడువు చెప్పేది పాట ఏ నెలలో రాశారన్నది మాత్రమే, ఆ పాటలో ఏముందన్నది గడువుకు తెలియదు. ‘లెట్ ఇట్ స్నో’లో మంచు కిటికీ అవతల కురుస్తుంటుంది, మనుషులు లోపల వెచ్చగా ఉంటారు. వెళ్లక తప్పదని తెలిసీ సెలవు తీసుకోవడానికి తాత్సారం చేస్తారు. ఇక్కడ కూడా మంచుకూ మనిషికీ మధ్య అద్దమో గోడో ఉంది. స్మిత్ మంచుదేశంలోనే పుట్టి పెరిగాడు కదా, అతనికి దూరమేమిటని ఎవరైనా అడగవచ్చు. దూరమంటే ఒక్క మైళ్ల లెక్కేనా? జబ్బుపడ్డ మనిషికి కిటికీలోంచి కనిపించే వీధి కూడా పరదేశమే.

ఇవి క్రిస్మస్ పాటలు, ఒక మతం పండగవి, మిగతావాళ్లు పక్కన నిలబడి వినాల్సిందేనన్నది రెండో అభ్యంతరం. ‘వింటర్ వండర్‌ల్యాండ్’లో గానీ ‘లెట్ ఇట్ స్నో’లో గానీ క్రిస్మస్ మాటే లేదు. అవి ఋతువు పాటలు. డిసెంబరులో మోగించి మోగించి పండగకు ముడిపెట్టారు. రాసినవాళ్లను చూడండి. బెర్లిన్ 1888లో రష్యా సామ్రాజ్యంలో యూదు కుటుంబంలో పుట్టి, ఐదేళ్ల వయసులో న్యూయార్క్ ఓడరేవులో దిగాడు. స్టైన్ లండన్లో పుట్టి, చిన్నప్పుడే షికాగో వచ్చిన యూదుపిల్లవాడు. కాన్ తల్లిదండ్రులు గలీషియా నుంచి వలసవచ్చినవాళ్లు. పండగ తమ ఇంటిది కాకపోయినా చలి అందరిదీ. ఆ చలి పేరు మీద వాళ్లు తమకూ, మనలాగా తర్వాత వచ్చినవాళ్లకూ డిసెంబరులో చోటు చేశారు. 1947లో పిల్లల కోసమని ‘వింటర్ వండర్‌ల్యాండ్’లో పాస్టరును తీసి సర్కస్ బఫూన్‌ను పెట్టారు. పిల్లలకు అది సరదాయే. అయినా నా మొగ్గు పాత రూపానికే. కరిగిపోయే పాస్టరు ముందు జరిగే ఉత్తుత్తి పెళ్లిలో ఉన్న ఆశ, ఆ ఆశ వెనక ఉన్న దిగులు బఫూన్‌తో రావు.

దూరాన్నుంచి మంచును ఊహించుకోవడం మనకూ కొత్త కాదు. తెలుగులో గడ్డి మీది చుక్కా మంచే, తెల్లవారుజామున రోడ్డును కమ్మేదీ మంచే, హిమాలయం మీద పేరుకున్నదీ మంచే. రకరకాల మంచుతో మనకు పని పడలేదు. అయినా మన సాహిత్యంలో పేరుపడ్డ ఒక గొప్ప మంచుకథ తుంగభద్ర ఒడ్డున, కృష్ణదేవరాయల ఆస్థానంలో పుట్టింది. అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకుని హిమాలయానికి ఎగిరిపోతాడు. చూసినంతసేపు చూస్తాడు. ఇంటికి తిరగబోతే మంచునీటికి లేపం కరిగిపోయి ఉంటుంది. పొద్దుపోతోంది, ఇంట్లో అగ్నిహోత్రం వేళ దాటిపోతుందని అతని బెంగ. స్మిత్ మంచుకు దూరమై మంచును కోరుకున్నాడు, ప్రవరుడు మంచులో చిక్కుకుని ఇంటిని కోరుకున్నాడు. చివరికి ప్రవరుణ్ణి ఇల్లు చేర్చింది అగ్నిదేవుడే. స్మిత్ పాటలోని ప్రేమికులు కూడా నడకంతా అయ్యాక వచ్చి కూర్చునేది నిప్పు పక్కనే. ఆ పాట రికార్డై బయటికొచ్చాక స్మిత్ చూసిన చలికాలం ఒక్కటే. 1935 సెప్టెంబరులో, మళ్లీ మంచు కురవకముందే కన్నుమూశాడు.