ఏడు శాతం సత్తా ఉన్న మందు

పాలిమర్లతో నాది ప్రయోగశాల పరిచయం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మిత్రులెవరైనా "మందుకి పాలిమరు తగిలించడం ఎందుకండీ?" అని అడిగితే నేను ఒక పొడుపుకథతో మొదలుపెడతాను. ఒక మందుకి తోక తగిలించారు. గాజు పాత్రలో పరీక్షిస్తే దాని సత్తాలో 7 శాతమే మిగిలింది. అదే మందుని రోగులకి ఇస్తే మాత్రం, తోక లేని మందుకంటె రెట్టింపు మందికి నయమయింది. ఎలాగ?

ఆ మందు పేరు ఇంటర్‌ఫెరాన్. ఇది మన ఒంట్లోనే తయారయే ప్రోటీను. వైరస్ సోకిన కణం ఇరుగుపొరుగు కణాలకి పంపే హెచ్చరిక అనుకోండి. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్-సి జబ్బుకి చాలా ఏళ్ళు ఇదే మందు. వారానికి మూడు చొప్పున 48 వారాలు, అంటే 144 ఇంజెక్షన్లు! సూది పడ్డాక జ్వరం, వణుకు, ఒళ్ళు నొప్పులు మామూలే. ఇంత బాధ పడ్డా నయమయేది కొద్దిమందికే.

లోపం ఎక్కడుంది? బణువుల బరువుని డాల్టన్లలో కొలుస్తారు. ఉదజని అణువు బరువు సుమారు ఒక డాల్టన్. ఇంటర్‌ఫెరాన్ బరువు సుమారు 19,000 డాల్టన్లు. మూత్రపిండాలు జల్లెడలాంటివి. 66,000 డాల్టన్ల ఆల్బుమిన్‌ని రక్తంలోనే ఉంచేస్తాయి, చిన్న ప్రోటీన్లని జారనిస్తాయి. కనుక ఇంటర్‌ఫెరాన్ కొద్ది గంటల్లోనే రక్తంలోంచి తగ్గిపోతుంది. మళ్ళీ సూది పడేలోగా వైరస్ తిరిగి పుంజుకుంటుంది.

దీనికి విరుగుడు పెగ్, అనగా పోలీ ఇథిలీన్ గ్లైకాల్. పాలిమరు అంటే ఒకే రకం పూసలు గుచ్చిన దండ. అమెరికాలో ఉన్నవారికి ఇది కొత్తదేమీ కాదు. మలబద్ధకానికి వాడే మిరాలాక్స్ పొడి ఈ దండే, పొడుగులో తేడా అంతే. పెగ్‌కి నీళ్ళంటే మహా ఇష్టం. ప్రతి పూసా రెండు మూడు నీటి బణువులని పట్టుకుని కూర్చుంటుంది. అందుచేత దండ తన బరువుకి మించి ఉబ్బి, ప్రోటీను చుట్టూ మేఘంలా కమ్ముకుంటుంది. జల్లెడలో పట్టదు, ప్రోటీన్లని నరికే ఎంజైములకీ సులభంగా దొరకదు. రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ డేవిస్ బృందం 1977లో ఈ పద్ధతిని ప్రచురించింది. ఇలా తయారైన మొదటి మందుకి అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది. అది పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించిన పిల్లల కోసం.

ఇంటర్‌ఫెరాన్‌కి ముందు చిన్న దండ, అంటే 5,000 డాల్టన్లది, తగిలించి చూశారు. లాభం లేకపోయింది. తరువాత కొమ్మల ఆలోచన వచ్చింది. 20,000 డాల్టన్ల దండలు రెండింటిని ఒక లైసీను దగ్గర ముడివేసి, ఆ ముడిని ప్రోటీనుకి అతికించారు. అతుకు ఒక్కటే, గొడుగు మాత్రం పెద్దది. అతుకులు పెరిగేకొద్దీ ప్రోటీను పనిచేసే చోటు మూసుకుపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది కదా! 2002లో అమెరికాలో అనుమతి పొందిన పెగాసిస్ ఇదే.

గొడుగు అడ్డం వస్తుంది కనుక కణం మీది గ్రాహకానికి తగలడం కష్టమే. ఆ 7 శాతం కథ ఇది. కాని మందు వారం పొడుగునా రక్తంలో ఉంటుంది. 2000లో వెలువడిన ఒక పరీక్షలో పాత మందుతో 19 శాతం మందికి వైరస్ పోతే, కొత్త దానితో 39 శాతం మందికి పోయింది. ఇంజెక్షన్లు 144 నుండి 48కి దిగాయి. బెంచ్‌మార్కులో గెలిచిన ప్రోగ్రాము ప్రొడక్షన్‌లో ఓడిపోవడం చూసినవారికి ఇంతకంటె వివరణ అక్కర లేదు.

మరి కొమ్మకి కొమ్మ, దానికి మళ్ళీ కొమ్మ వేస్తూ పోతే? అప్పుడు వచ్చేది డెండ్రిమర్. డౌ కంపెనీలో డొనాల్డ్ టొమాలియా బృందం చేసిన పామామ్ డెండ్రిమర్ల వ్యాసం 1985లో వచ్చింది. నాలుగు చేతుల నడిబొడ్డుతో మొదలుపెడితే చివర్లు 4, 8, 16, 32... పదో తరానికి 4,096. మీకు బాగా తెలిసిన బైనరీ ట్రీయే! ఈ చివర్లకి మందుని తగిలించవచ్చు. ఇబ్బందల్లా ఏమిటంటే చివర్లు రెట్టింపు అవుతూ పోతాయి, చోటు మాత్రం వ్యాసార్థపు ఘనం లెక్కనే పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట కిక్కిరిసిపోక తప్పదు. ఈ హద్దుని ద జెన్, హెర్వే 1983లోనే లెక్కకట్టారు. పైగా చివర్లలో అమైన్లుంటే వాటి ధనావేశం కణాల పొరలని చీల్చగలదు.

పెగాసిస్‌లో మరో చిక్కుంది. ఇంటర్‌ఫెరాన్ మీద అతుక్కోగల లైసీన్లు పది పైచిలుకు. కాబట్టి సీసాలో ఉన్నది ఒకే బణువు కాదు, అతుకు చోటు మారిన బణువుల మిశ్రమం. 2021లో ఒక రకం రక్తవ్యాధికి అమెరికాలో అనుమతి పొందిన రోపెగ్‌ఇంటర్‌ఫెరాన్‌లో ప్రోటీను కొసన అదనంగా ఒక ప్రోలీను పెట్టి, కొమ్మల పెగ్‌ని అక్కడే తగిలించారు. రెండు వారాలకి ఒక ఇంజెక్షన్‌తో మొదలవుతుంది.

హెపటైటిస్-సికి 2013 తరువాత వచ్చిన మాత్రలు ఇంటర్‌ఫెరాన్‌ని దాదాపు పక్కకి నెట్టేశాయి. రోగులకి అది మంచిదే. పెగ్ కూడా కామధేనువేమీ కాదు. 2010లో అనుమతి వచ్చిన పెగ్లోటికేస్ అనే గౌట్ మందు వాడిన చాలామందిలో పెగ్ మీదనే ప్రతిరక్షకాలు పుట్టి మందు పనిచేయడం మానేసింది. కనుక ఈసారి ఎవరైనా "మా మందు పదిరెట్లు శక్తిమంతం" అంటే మూడు ప్రశ్నలు అడగండి: ఒంట్లో ఎంతసేపు ఉంటుంది? తోక ఎక్కడ అతికించారు? తొడుగుని శరీరం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?