జపానువారి కొయ్యచ్చు చిత్రములు

కొండను, ఏటిని, మంచును కాగితముపై నిలుపుట చిత్రకారుని పని యని మన మెఱుగుదుము. ఆ పనిని కొయ్యపలకలతో సాధించిన జపానువారి విద్యను గూర్చి నేడు ముచ్చటింతును. ఇరువదవ శతాబ్దపు తొలిసగమున వెలసిన యీ చిత్రములకు ‘షిన్ హంగ’ యని పేరు. క్రొత్త అచ్చుబొమ్మ యని దాని యర్థము.

కృష్ణామండలమున పెడనలో బట్టలపై అద్దకము చేయువారిని మీలో కొందఱు చూచియుందురు. గీతకొక అచ్చు, రంగున కొక అచ్చు. అన్నియు తావు తప్పక పడవలయును. జపాను పద్ధతియు నట్టిదే. చిత్రకారుడు వ్రాసిన రేఖలను చెక్కుడు పనివాడు చెర్రీజాతి కొయ్యపలకపై తేల్చును. రంగురంగునకు వేఱు పలక. ముద్రించువాడు నీటిరంగును బియ్యపుజిగురును పలకపై పూసి, కాగితము పఱచి, వెనుకనుండి గుండ్రని బిళ్లతో రుద్దును. ఆ బిళ్లకు చుట్టునది మన కొండలవారికి క్రొత్త కాదు. వెదురుపిలకను కప్పియుండు పొరయే. పలకమీది గుఱుతులకు కాగితపు టంచు నానించుటచే రంగు తావు తప్పదు. ఆకాశము పైన ముదురుగను, దిగువ లేతగను కనబడుటకై పలకపైనే రంగును పలుచన చేయుదురు.

ఈ విద్యలో యోషిద హిరోషి (1876–1950) మిక్కిలి ఓర్పు గలవాడు. 1937లో ముద్రించిన నిక్కో ద్వారచిత్రమునకు 96 మారులు ముద్ర వేయవలసివచ్చెను. 1926 నాటి తెరచాప పడవల చిత్రములలో పలకలు మార్చక రంగులు మాత్రమే మార్చి, ఉదయమును, మధ్యాహ్నమును, మంచును, సాయంకాలమును, రాత్రిని వేర్వేఱుగ చూపెను. పడవ యదే, నీరదే. పొద్దు మాత్రము వేఱు. ఇతడు 1930–31లో భారతదేశము తిరిగి తాజమహలును, అజంతా ఎల్లోరా గుహలను చిత్రించెను. నాడు ఆ గుహలు, మన తెలంగాణమువలెనే, నిజాము రాజ్యములోనివి.

ఈ చిత్రములు ముచ్చటకొఱకే కావు. 1923 సెప్టెంబరు 1వ తేదీని టోకియోలో భూకంపము, దానివెంట అగ్ని చెలరేగెను. ప్రకాశకుడు వతనబె షోజబురో అంగడిలోని పలకలు, చిత్రములు దగ్ధములయ్యెను. కవసె హసూయి (1883–1957) చిత్తుబొమ్మల పుస్తకములును పోయెను. అయినను హసూయి మరల బయలుదేరి, ఊరూర నిలిచి, వానను, మంచును, వంతెనలను వ్రాసికొనెను. 1945 నాటి బాంబులకు టోకియో మరల కాలెను. అతడు చూచిన వీధులు పెక్కు నేడు ఆ కాగితములందే యున్నవి.

ఈ కథ మనకేల యందురేమో! రంపచోడవరమున విశ్రాంతి గొనుచున్న బడిపంతులను నేను. నాకిది దూరపుకథగ తోచదు. పోలవరము ఆనకట్ట పనులవలన దేవీపట్నము వైపు గోదావరి యొడ్డుపల్లెలు మునుకకు లోనైనవి. 2021లో కాఫరుకట్ట వెనుక వరదనీరు నిలిచి యిండ్లలో ప్రవేశించెను. జనులు ఇల్లు విడిచి పునరావాస కాలనీలకు తరలిరి. ఆ కాలనీలలో పుట్టిన బిడ్డ తన తాతగారి రేవును చూడజాలదు.

అందరికి చెక్కుడుపని రాదు, రానక్కరలేదు. ప్రతిచిత్రమునకు ముందు కావలసినది, ఆ చోటు నెఱిగినవాని మాట. వృద్ధులారా! పిల్లవానిచేతికి కాగిత మిచ్చి, రేవెక్కడ, చింతచెట్టెక్కడ, వీధి యెటు మలుపు తిరిగెనో, పాపికొండలపై మంచు ఏ వేళకు విడిచెడిదో చెప్పుడు. వాని గీత వంకరయైనను కొదువ లేదు. చెప్పువారు లేనినాడు ఎంతటి చిత్రకారుడును ఆ యూరిని గీయలేడు.