గ్రీకూ సంస్కృతమూ చుట్టాలని ఎలా తేలింది?

ఏడుని సంస్కృతంలో సప్త అంటారు, లాటిన్‌లో సెప్తెమ్, గ్రీకులో హెప్త. వినగానే ఒక ఇంటి మాటల్లా ఉన్నాయి. కానీ పోలిక ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదు. మనం రోజూ వాడే కేంద్రం, జ్యోతిష్కుల హోర గ్రీకు నుంచి సంస్కృతంలోకి వచ్చిన అరువు మాటలే. సంస్కృత పదాలు ఎన్ని చేరినా తెలుగు ద్రావిడ భాషగానే ఉంది కదా.

మరి దేన్ని చూడాలి? తేడాలు ఒక పద్ధతిలో నడుస్తున్నాయా అన్నది చూడాలి. మాట మొదట్లో అచ్చుకు ముందు సంస్కృతంలో 'స' ఉన్నచోట గ్రీకులో 'హ' వినిపిస్తుంది. సప్తకు హెప్త, సమకు హొమోస్. లాటిన్‌లో ఉప్పు సాల్ అయితే గ్రీకులో హల్స్. (సింధువుని హిందువు చేసిన ప్రాచీన ఇరానీ భాషల్లోనూ ఇదే మార్పు ఉంది. అయితే అక్కడ అది విడిగా జరిగింది.)

ఇదే పద్ధతి మోసపు పోలికల్నీ పట్టిస్తుంది. దేవ, థెఒస్ రెండూ దేవుడనే అర్థమిస్తాయి, చెవికీ దగ్గరగా ఉంటాయి. కానీ సంస్కృత 'ద'కు గ్రీకులోనూ 'ద'యే రావాలి. దశకు దెక వచ్చినట్టు. అందుకే థెఒస్ ఈ భాషల కుటుంబపు మాట అయినా దేవకు చుట్టం కాదు. ద్యౌః అన్న మాటకు మాత్రం జియుస్ నిజమైన చుట్టం.

సంస్కృతమే మిగతావాటికి తల్లి అని చాలామంది అనుకుంటారు. కాదని చెప్పే సాక్ష్యం గ్రీకు అచ్చుల్లో ఉంది. ఈ భాషలన్నిటికీ మూలమైన భాషలోని హ్రస్వ ఎ, ఒ, అ సంస్కృతంలో కలిసిపోయి 'అ' అయ్యాయి. గ్రీకు మూడింటినీ విడిగా నిలుపుకుంది. సంస్కృతపు ఒక్క 'అ' నుంచి ఆ మూడూ మళ్లీ విడివడే దారి లేదు. మన లిపిలో హ్రస్వ ఎ, ఒ ఉన్నాయి కాబట్టి ఈ తేడా తెలుగువాళ్లకి ఇట్టే అందుతుంది.

'కూడా, మరియు' అనే అర్థంలో సంస్కృతం 'చ' అంటుంది, లాటిన్ 'క్వె', గ్రీకు 'తె'. మూలంలో 'క్వె' ఉండేదనీ, పక్కన 'ఎ' ఉండటం వల్లే ఆ హల్లు సంస్కృతంలో 'చ'గా, గ్రీకులో 'త'గా మారిందనీ 19వ శతాబ్దపు పండితులు లెక్క కట్టారు. అంటే గ్రీకు కూడా ఒకప్పుడు 'క్వె' అనే ఉండాలి. అలా రాసిన గ్రీకు శాసనం అప్పటికి ఎవరూ చదవలేదు. 1952లో మైకేల్ వెంట్రిస్ లీనియర్ బి అనే పాత లిపి గుట్టు విప్పి, అందులో ఉన్నది గ్రీకేనని తేల్చాడు. క్నోసోస్, పైలోస్‌లలో దొరికిన ఆ లిపి మట్టిపలకలు హోమర్ కన్నా కొన్ని శతాబ్దాలు పాతవి. వాటిలో 'తె' ఉండాల్సిన చోట 'క్వె' ఉంది! భాషాశాస్త్రంలో నాకు ఇంతకన్నా గొప్ప ఘట్టం కనిపించదు.

ఈ చుట్టరికాన్ని 1786లో కలకత్తాలో ప్రకటించిన విలియం జోన్స్ పేరే అందరికీ తెలుసు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన జెసూట్ ఫాదర్ కూర్దూ అంతకుముందే, 1767లో, ఈ పోలికల్ని పారిస్ అకాడమీకి రాసి పంపాడు. అది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది. ఆయనకి దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఇంతకీ గ్రీకుకి బాగా దగ్గరివాళ్లెవరు? ఆ కుటుంబంలో అది తనకు తానే ఒక శాఖ. భూతకాలానికి క్రియ ముందు ఒక అచ్చు చేర్చడం (సంస్కృతంలో అభరత్, గ్రీకులో ఎఫెరె) లాటిన్‌లో లేదు. సంస్కృతం, ఇరానీ భాషలు, ఆర్మేనియన్, ఫ్రిజియన్‌లలో ఉంది. అందుకే లాటిన్ కన్నా ఈ భాషలే గ్రీకుకి దగ్గరి బంధువులని చాలామంది పండితులు భావిస్తారు.