డబ్బా మీద సినిమా తార – లోపలి గిన్నె సంగతేమిటి?

పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే మన ఓపీకి వచ్చే తల్లులు మందుల సంగతి అయ్యాక ఇంకో మాట అడుగుతుంటారు. "అమ్మాయికి టీవీలో ఆ హీరోయిన్ చూపించే నాన్‌స్టిక్ సెట్టు కొంటున్నామండీ, మంచిదేనా?" అని. సెట్టు ఖరీదు చూస్తే ఒక్కోసారి ఇంటిల్లిపాదికీ నెల వెచ్చాలంత ఉంటుంది. అందుకే ఈసారి దాని గురించి రాస్తున్నాం.

మన గోదావరి జిల్లాల్లో సామాను కొని దాచుకోవడం కొత్త కాదు. సారెలో వచ్చిన బిందెలు, గంగాళాలు, స్టీలు డబ్బాలు అటక మీద వరుసగా ఉంటాయి. వాటి మీదా పేర్లుండేవి, కానీ అవి ఇచ్చినవారి పేర్లు. ఇప్పుడు ఆ చోటికి తార బొమ్మ, వంటమాస్టారి సంతకం వచ్చాయి. ఇంట్లో మూడు పెనాలుండగా నాలుగోది కొని, అట్టపెట్టె విప్పకుండా దాచుకున్నవారినీ మేమెరుగుదుం.

గిన్నె మీదికి పేరు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ప్రకటన. ప్రెస్టీజ్ సామానుకు 2013లో అభిషేక్ బచ్చన్, ఐశ్వర్యారాయ్ దంపతులు ప్రచారకర్తలయ్యారు. ఆ కంపెనీ అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే కుక్కర్లు చేస్తోంది. రెండోది, వంటమాస్టారే వ్యాపారంలో భాగస్వామి కావడం. 2009లో సంజీవ్ కపూర్ వండర్‌షెఫ్‌ను అలాగే మొదలుపెట్టారు. ఇక అమెరికాలో బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ పేరుతో 1994లో వచ్చిన గ్రిల్ పది కోట్లకు పైగా అమ్ముడైంది. 1999లో ఆ పేరు వాడుకునే హక్కుకే కంపెనీ ఆయనకు 13 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టింది. పేరుకిచ్చే డబ్బు చివరికి కొనేవాళ్ళ దగ్గరనుంచే రావాలి కదా!

మరి ఆశించినంత బాగుంటాయా? చాలావరకు మామూలుగా మంచి గిన్నెలే. అయితే తార నవ్వితే పూత గట్టిపడదు. 1938లో కనిపెట్టిన ఆ జారుడు పదార్థమే, టెఫ్లాన్ అని మనం పిలిచేదే, నాన్‌స్టిక్ పెనాల మీద ఎక్కువగా ఉంటుంది. సుమారు 260 డిగ్రీల వేడి దాటితే అది పాడవడం మొదలవుతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే ఆ వేడి రావడానికి కొద్ది నిమిషాలు చాలు. ఇంకా మాడితే వచ్చే పొగకు మనుషులకు చలిజ్వరంలాంటిది రావచ్చు, పంజరంలోని చిలక చనిపోవచ్చు. పూర్వం తయారీలో వాడిన పి.ఎఫ్.ఓ.ఎ. అనే రసాయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023లో క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. కాబట్టి అది లేదని రాసి ఉన్నదే కొనండి. మన వేపుళ్ళను స్టీలు అట్లకాడతో గీకుతూ తిప్పితే మాత్రం ఎంత పేరున్న పూతయినా నిలవదు. చెక్క గరిటె వాడండి. పూత లేచిపోయిన పెనాన్ని, దాని మీద ఎవరి సంతకమున్నా సరే, తీసెయ్యండి.

చేపల పులుసు మట్టి దాకలోనే కుదురుతుందని మన పెద్దలంటారు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేది బోర్లించిన కుండ మీద. ఆ కుండ మీద ఎవరి బొమ్మా లేదు!

కుక్కరు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 2021 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో ఇంటి ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. అయినా గుర్తులేని 2,265 కుక్కర్లు తన ద్వారా అమ్ముడైనందుకు 2022లో ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసింది. కాలిన గాయాలతో మన దగ్గరకు వచ్చిన ఒక తల్లి వాడిన కుక్కరు పేరున్నదే. కానీ గాస్కెట్టు ఏళ్ళ తరబడి మార్చలేదు, సేఫ్టీ వాల్వు పోతే సంతలో దొరికింది బిగించారు. ఆమె ముఖం మీద మచ్చ ఇంకా పోలేదు. కాబట్టి విడిభాగాలు ఆ కంపెనీవే కొనండి. ఆవిరి పూర్తిగా దిగకుండా మూత లాగకండి.

పాత సామాను అంతా మేలని కూడా అనుకోకండి. పెరవలి దగ్గర అజ్జరం ఇత్తడి సామానుకు పేరెన్నికగన్నది. ఇత్తడిలో చింతపండు పులుసు కాచాలంటే లోపల తగరంతో కళాయి ఉండాలి, లేకపోతే రాగి కూరలోకి దిగుతుంది. ఆ కళాయిలో సీసం కలిస్తే మరీ ప్రమాదం. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కొన్ని దిగుమతి అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం గిన్నెల నుంచి సీసం ఆహారంలోకి దిగవచ్చని హెచ్చరించింది. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. అక్కడున్న కూతురికి ఊరినుంచి గిన్నెలు పంపే అమ్మమ్మలు ఇది గమనించాలి. కిడ్నీ జబ్బున్నవారి ఒంట్లోనుంచి అల్యూమినియం సరిగా బయటికి పోదు, వారి పులుసులు స్టీలు గిన్నెలో కాచండి.

కొట్టుకు వెళ్ళినప్పుడు ముందు బొమ్మ వదిలేసి గిన్నె తిరగేయండి. అడుగు మందంగా, చదునుగా ఉందా? పిడి గట్టిగా ఉందా? ఇండక్షన్ పొయ్యి ఉన్నవారు చిన్న అయస్కాంతం తీసుకెళ్ళి అడుగున అంటించి చూడండి, అంటుకోకపోతే ఆ పొయ్యి మీద వేడెక్కదు. బిల్లు తప్పక అడగండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మోసపు ప్రకటన చేస్తే కంపెనీకే కాదు, అందులో కనిపించిన తారకు కూడా పది లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఫిర్యాదుకు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, అప్పుడు ఆ బిల్లు మీ చేతిలో ఉండాలి.