ఒంటిపూట భోజనము: బరువు కోసమా, ప్రభువు కోసమా?



ఈ మధ్య మన సంఘములలో తరచుగా వినబడుతున్న ఒక ప్రశ్నను ఈ దినము ఆలోచించుకుందాము. "అయ్యగారూ, రోజుకు ఒక్కపూటే తింటే బరువు తగ్గుతారట గదా! శుక్రవారం ఎలాగూ ఉపవాస ప్రార్థనకు వస్తున్నాము. దానినే వారమంతా చేస్తే ఆత్మకూ మేలు, ఒంటికీ మేలు, రెండూ కలిసివస్తాయి గదా?" అని అడుగుతున్నారు. అడిగేవారు మంచి మనస్సుతోనే అడుగుతున్నారు. బరువు తగ్గాలనుకోవడం పాపము కాదు. మోకాళ్ళ నొప్పులతో మోకరించలేని తల్లులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే సహోదరులు మన మధ్య ఎందరో ఉన్నారు. అయితే ఈ ప్రశ్నలో రెండు వేరు వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. ఆ ముడి విప్పకపోతే కొందరికి ప్రాణాపాయమే కలుగవచ్చు. కాబట్టి కొంచెము ఓపికగా వినండి.

మొదటిగా, ఈ పద్ధతి ఏమిటో చూద్దాము. దీనిని ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అంటారు. అనగా మధ్యమధ్య విరామమిచ్చి ఆహారము మానుట. ఇందులో అనేక రకములున్నాయి. రోజులో 16 గంటలు ఏమీ తినకుండా, మిగిలిన 8 గంటలలోనే భోజనములు ముగించుట ఒక రకము. వారములో 5 రోజులు మామూలుగా తిని, 2 రోజులు బాగా తగ్గించి తినుట మరొక రకము. 2012లో బి.బి.సి. టెలివిజనులో మైకేల్ మోస్లీ అనే వైద్య పాత్రికేయుడు ఉపవాస పద్ధతులను తన మీదనే ప్రయోగించి చూపించిన తరువాత ఈ రకము లోకమంతా ప్రచారమైంది. రోజు విడిచి రోజు తిండి తగ్గించేవారు కూడా ఉన్నారు. ఇక 24 గంటలలో ఒక్కసారే తినుట వీటిలో చాలా కఠినమైనది. మన పెద్దలు దానిని ఒక్కపొద్దు అనేవారు. కాబట్టి పేరు కొత్తదే గాని, పని మనకు పాతదే.

రెండవదిగా, తినకుండా ఉన్నప్పుడు శరీరములో ఏమి జరుగుతుంది? మనము అన్నము తినగానే రక్తములో చక్కెర పెరుగుతుంది. ఇన్సులిన్ అనే హార్మోను ఆ చక్కెరను కణములలోనికి చేర్చి, మిగిలినదానిని నిల్వ చేయిస్తుంది. కాలేయములో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. అది వంటగదిలో చేతికందే డబ్బాలోని బియ్యము వంటిది. ఒంటిలోని కొవ్వు అటక మీది బస్తా వంటిది. డబ్బా నిండుగా ఉన్నంతసేపు అటక ఎక్కే అవసరము అంతగా రాదు. తిని 12 గంటలు దాటేసరికి డబ్బా తరిగిపోతూ ఉంటుంది, శరీరము కొవ్వును ఎక్కువగా వాడుకోవడం మొదలుపెడుతుంది. ఇది నిజమే. కాని సాయంత్రము కూర్చుని, పగలంతా మానిన తిండిని కూడా కలిపి తిన్నామనుకోండి, దించిన బియ్యమే మళ్ళీ బస్తాకు ఎక్కుతుంది.

ఇంకొక సంగతి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు శరీరములో ఉంటుంది. మొదటి వారములో త్రాసు మీద కిలో, రెండు కిలోలు తగ్గినట్లు కనబడితే అందులో ఎక్కువ భాగము ఈ నీరే. మామూలుగా తినగానే అది తిరిగి వస్తుంది. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తగ్గించాలి. అది వారాల తరబడి ఓపికతో జరిగే పని.

మూడవదిగా, పరిశోధకులు ఏమి కనుగొన్నారు? 2020లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో 116 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మధ్యాహ్నము 12 గంటల నుండి రాత్రి 8 గంటల లోపలే తినాలి. రెండవ గుంపు మూడు పూటలా తినాలి. ఎంత తినాలో ఎవరికీ చెప్పలేదు. 12 వారములు గడిచాక మొదటి గుంపువారు సగటున 0.94 కిలో తగ్గారు, రెండవ గుంపువారు 0.68 కిలో తగ్గారు. చెప్పుకోదగిన తేడా లేదు. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధకులు స్థూలకాయులైన 139 మందితో ఏడాది పాటు చేసిన పరిశోధనను ప్రచురించారు. ఇక్కడ రెండు గుంపులకూ తిండిని కొలత ప్రకారము తగ్గించారు. ఒక గుంపుకు మాత్రము ఉదయము 8 నుండి సాయంత్రము 4 లోపల తినాలని నియమము పెట్టారు. ఆ గుంపు సగటున 8 కిలోలు తగ్గింది, రెండవది 6.3 కిలోలు తగ్గింది. ఆ తేడా గడియారము వలననే వచ్చిందని చెప్పడానికి చాలదని వారే తేల్చారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కంచములో తిండి తగ్గినచోట రెండు గుంపులవారూ బరువు తగ్గారు. గడియారము ఒక్కటే మార్చినచోట పెద్దగా తగ్గలేదు. అయితే గడియారము పనికిరానిదని కాదు. రాత్రి 10 గంటలకు టీవీ ముందు కూర్చుని మిక్చరు తినేవారికి, రోజుకు అయిదారు సార్లు చక్కెర టీ త్రాగేవారికి, "ఏడు దాటితే నోరు కట్టేయాలి" అనే నియమము సహాయపడుతుంది. రెండు చెంచాల చక్కెర వేసిన టీలో ఆ చక్కెరకే 40 కేలరీలు. అయిదు టీలు మానితే 200 కేలరీలు మిగిలినట్లే.

ఇక ఒంటిపూట సంగతి. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో, మామూలు బరువున్న 15 మంది 8 వారముల పాటు మూడు పూటల తిండినే ఒక్కపూటకు కుదించి తిన్నారు. కొద్దిగా బరువు తగ్గారు. కాని మూడు పూటలు తిన్నప్పటికంటె ఆకలి ఎక్కువైంది, రక్తపోటు, కొలెస్ట్రాల్ పెరిగి కనిపించాయి. మరొక ఇబ్బంది మాంసకృత్తులది. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి. అన్నము, పప్పుచారు, ఆవకాయతో తినే ఒక్క భోజనములో 50 గ్రాములు ఎక్కడ నుండి వస్తాయి? అవి చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. త్రాసు మాత్రము తగ్గినట్లే చూపిస్తుంది.

ఇప్పుడు నాలుగవదిగా, అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. 2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనము ప్రకారము మన దేశములో 10 కోట్లకు పైగా జనులకు షుగరు వ్యాధి ఉన్నది. వారిలో మన సంఘస్థులు ఉండరా? ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు తిండి మానితే రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చు. రంజాను ఉపవాసముల విషయమై 13 దేశములలో చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనములో, టైప్ 2 షుగరు ఉన్నవారిలో చక్కెర తీవ్రముగా పడిపోయే ప్రమాదము ఆ నెలలో ఏడున్నర రెట్లు పెరిగినట్లు తేలింది. అందుచేత రంజానుకు ముందే డాక్టరును కలిసి మందుల మోతాదు సరిచేయించుకోవాలని వారికి నేర్పిస్తున్నారు. మన శ్రమల దినములకు ముందు, 21 దినముల ఉపవాస ప్రార్థనలకు ముందు మనము అలాగు చెప్పుచున్నామా?

గుర్తులు చెబుతాను, జ్ఞాపకముంచుకోండి. చెమటలు పట్టుట, చేతులు వణకుట, గుండె దడ, కళ్ళు తిరుగుట, మాట తడబడుట. ఉపవాస కూటములో షుగరు వ్యాధి ఉన్నవారికి ఇలాగు జరిగితే అది ఆవేశమనియో, దురాత్మ అనియో అనుకొని చుట్టూ చేరి ఆలస్యము చేయవద్దు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించండి. 15 నిమిషములకు తేరుకోకపోతే మరల ఇవ్వండి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి. ప్రార్థన ఆ తరువాత కూడా చేయవచ్చును. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, టి.బి. మందులు వాడేవారు, బలహీనులైన వృద్ధులు బరువు కొరకు ఈ పద్ధతి జోలికి పోకూడదు. షుగరుకు, బి.పి.కి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మందు తమంతట తాము మానకూడదు.

మొదటి సమూయేలు 14వ అధ్యాయము చదవండి. యుద్ధ దినమున సౌలు రాజు సాయంత్రము వరకు ఎవరూ ఏమీ తినకూడదని జనులచేత ఒట్టు పెట్టించాడు. జనులు సొమ్మసిల్లారు. ఆ ఒట్టు సంగతి తెలియని యోనాతాను కొంచెము తేనె రుచి చూడగానే అతని కన్నులు తేటపడ్డాయి. తన తండ్రి జనులను కష్టపెట్టాడని అతడే చెప్పాడు. సాయంత్రము ఏమి జరిగింది? ఆకలిగొన్న జనులు దోపుడు సొమ్ము మీద ఎగబడి, ధర్మశాస్త్రమును సహా మరచి, రక్తముతోనే మాంసము తిన్నారు. పగలంతా బలవంతముగా ఆపిన ఆకలి సాయంత్రము ఎలాగు ఎగబడుతుందో వాక్యము ఎంత స్పష్టముగా చూపించింది! ప్రార్థన ముగియగానే బిర్యానీ మీద పడే మనకు ఇది కొత్త సంగతి కాదు. నాయకులారా, కాపరులారా, తినవలసినవారిని తిననివ్వండి. మాత్ర వేసుకొని రెండు ఇడ్లీలు తిని ప్రార్థనకు వచ్చిన తల్లిని అవిశ్వాసి వలె చూడవద్దు. అలసిపోయిన ఏలీయాకు దేవదూత మొదట రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రయాణము ఆ తరువాతనే.

చివరిగా, ముడి విప్పుదాము. జెకర్యా 7వ అధ్యాయములో, 70 సంవత్సరములు ఉపవాసమున్న జనులను దేవుడు అది నిజముగా తన కొరకేనా అని ప్రశ్నించాడు. మనము కూడా అలాగే అడుగుకోవాలి. బరువు కొరకైతే బరువు కొరకే అని చెప్పండి. అందులో సిగ్గు లేదు. డాక్టరుకు చెప్పండి, త్రాసుతో, నడుము కొలతతో చూసుకోండి. ప్రభువు కొరకైతే మత్తయి 6వ అధ్యాయములో ఆయన నేర్పినట్లు రహస్యముగా చేయండి, అక్కడ త్రాసుకు పని లేదు. యెషయా 58వ అధ్యాయము ప్రకారము దేవునికి ఇష్టమైన ఉపవాసములో మన ఆహారము ఆకలిగొన్నవానికి చేరుతుంది. ఈ శుక్రవారము మీరు మానిన పూట అన్నము ఎవరి కంచములోనికి వెళ్ళింది? బరువు కొరకు మానిన తిండిని గూర్చి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ప్రభువు కొరకు మానినదానిని గూర్చి ఆయన అడుగుతాడు.

ఆరోగ్యముగా ఉండి బరువు తగ్గగోరువారు రాత్రి 7 గంటలకు భోజనము ముగించి ఉదయము 8, 9 గంటలకు తినండి. అప్పుడే 13, 14 గంటలు విరామము దొరుకుతుంది. అన్నము ఒక గరిటె తగ్గించి, పప్పు, కూరగాయలు, గుడ్డు, మజ్జిగ పెంచండి. నీళ్ళు బాగా త్రాగండి. రోజూ అరగంట నడవండి. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గినా చాలును.

ప్రార్థన చేసుకుందాము. దయగల తండ్రీ, మాకిచ్చిన ఈ దేహమును బట్టి స్తోత్రము. తినునప్పుడు కృతజ్ఞతను, మానునప్పుడు యథార్థతను మాకు దయచేయుము. వ్యాధితో ఉన్నవారిని కాపాడుము. ఆకలితో ఉన్నవారిని మా కన్నులకు చూపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.